రాజుగారి కాసు

2023 అక్టోబర్‌లో లండన్ ఆఫీసులో మూడు వారాల పని పడిందని చెప్పగానే ఇంట్లో ముగ్గురూ మూడు అడిగారు. అమ్మ అడిగింది కాదు, ఆర్డర్ వేసింది: కార్డిఫ్‌లో చదువుతున్న చెల్లికి ఆవకాయ, కారప్పొడి మోసుకెళ్లాలి. నాన్న పేపర్ మడిచి పక్కన పెట్టి, "ఆ చార్లెస్ రాజు పట్టాభిషేకం నాణెం వెండిది వచ్చిందట, దొరికితే చూడు" అన్నాడు. నాయనమ్మ మాత్రం అందరూ పడుకున్నాక పిలిచి, గుసగుసగా చెప్పింది.

"ఆ రాజుగారి ఊరికే కదా పోయేది. ఒక్క గుర్రం కాసు తేవే నాకు."

గుర్రం కాసు గురించి చెప్పాలంటే ముందు మా ఇంటి గురించి చెప్పాలి. నాయనమ్మ పుట్టిల్లు జగ్గయ్యపేట వైపు. మెట్టినిల్లు కోదాడ వైపు. అందుకే మా ఇంట్లో బంగారానికి రెండు భాషలు. అమ్మ తులాల్లో మాట్లాడుతుంది, నాయనమ్మ కాసుల్లో. పెళ్లికి పుట్టింటివాళ్లు ఆమెకి పద్దెనిమిది కాసుల పేరు పెట్టారట. ఆ పేరుని నేను నిండుగా ఎప్పుడూ చూడలేదు. నాకు ఊహ తెలిసేసరికి ఏడు మిగిలాయి. బోరుకి రెండు, మేనత్త పెళ్లికి నాలుగు, మీర్‌పేట్‌లో మేముంటున్న 120 గజాల జాగాకి ఐదు పోయాయి. నా బీటెక్‌కి మూడు. తాతయ్య ఆపరేషన్‌కి రెండు. ఆఖరి రెండూ 2022లో చెల్లి యూకే వెళ్లేటప్పుడు. ఎడ్యుకేషన్ లోన్ వచ్చింది కానీ వీసా ఫీజు, టికెట్ చేతి నుంచే పెట్టుకోవాలి కదా. మా ఇంటి చరిత్ర చెప్పడానికి సంవత్సరాలు అక్కర్లేదు. ఎన్నో కాసు దగ్గర ఏం జరిగిందో చెబితే చాలు.

చివరి రెండింటినీ అమ్మడానికి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లింది నేనే. అప్పుడు వాటిని సరిగ్గా చూడను కూడా చూడలేదు. అరిగిపోయిన గుండ్రటి బిళ్లలు. ఒకవైపు బోడితల మనిషి, రెండోవైపు గుర్రం. నాయనమ్మ శుక్రవారం శుక్రవారం ఆ గుర్రానికి కుంకుమ పెట్టేది. గుర్రమ్మీద ఉన్నది ఏ దేవుడని అడిగితే "ఎవరైతేనేం, గుర్రమెక్కాడుగా" అనేది.

లండన్ హోటల్ గదిలో ఒక రాత్రి నిద్రపట్టక వెతికాను. ఆ గుర్రమెక్కినాయన సెయింట్ జార్జ్. గుర్రం కాళ్ల కింద ఉన్నది డ్రాగన్. బెనెడెట్టో పిస్ట్రుచ్చి అనే ఇటలీ శిల్పి చెక్కిన బొమ్మ అది. 1817 నుంచి బ్రిటన్ బంగారు నాణెం 'సావరిన్' మీద వస్తోంది. ఆ బోడితల మనిషి ఐదో జార్జి చక్రవర్తి. ఇక సావరిన్ బరువు చూసి లేచి కూర్చున్నాను. 7.98 గ్రాములు, 22 క్యారెట్లు. మనవాళ్లు కాసు అంటే ఎనిమిది గ్రాములు అంటారే, ఆ ఎనిమిది ఇదే అన్నమాట! తమిళులు ఇప్పటికీ ఎనిమిది గ్రాముల్ని సవరన్ అనే పిలుస్తారు. నేనేమో కాసు అంటే మన పాత తూకం ఏదో అనుకుంటూ పెరిగాను. మన కాసులపేర్లలో లక్ష్మీదేవి బొమ్మ వేసిన కాసులూ ఉంటాయి, కానీ నాయనమ్మవి మాత్రం అచ్చమైన నాణేలు. ఒకప్పుడు చలామణీ అయిన డబ్బుకి కొక్కెం వేసి మెడలో కట్టుకున్నారు.

ఇంకో ముచ్చట. ఈ సావరిన్లని లండన్‌లోనే కాదు, ఆస్ట్రేలియాలో, కెనడాలో, దక్షిణాఫ్రికాలో కూడా ముద్రించేవారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1918లో, ఆ ఒక్క సంవత్సరం మన బొంబాయిలో కూడా వేశారు. అలాంటివాటి మీద ఇండియా అని గుర్తుగా ఇంగ్లీషు 'ఐ' అక్షరం చిన్నగా ఉంటుంది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మిన రెండింటి మీదా ఆ అక్షరం ఉందో లేదో ఇక చూసే వీల్లేదు. అప్పటికప్పుడే మూసలో వేసి కరిగించారు. నా కళ్ల ముందే.

శనివారం పొద్దున ప్యాడింగ్టన్ స్టేషన్లో రైలెక్కి రెండు గంటల్లో కార్డిఫ్‌లో దిగాను. చెల్లి నన్ను చూసి ఆవకాయ డబ్బా అందుకుని, తర్వాత నన్ను కౌగిలించుకుంది. బ్రిటన్ నాణేలు ముద్రించే రాయల్ మింట్ అక్కడికి ఇరవై కిలోమీటర్ల లోపే, లాంట్రిసాంట్ అనే చిన్న ఊళ్లో ఉంది. వందల ఏళ్లు లండన్‌లో ఉన్న టంకశాల అది. పాత పౌండ్, షిల్లింగ్ లెక్కలు మార్చి దశాంశ నాణేలు కోట్లలో కొట్టాల్సి వచ్చినప్పుడు కొత్త ఫ్యాక్టరీ ఇక్కడ కట్టారు. 1968 డిసెంబర్‌లో ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. 2016 నుంచి జనాన్ని లోపలికి రానిస్తున్నారు. టికెట్ కొంటే అద్దాల వెనక నుంచి మిషన్లని చూడొచ్చు. ఇంకొంత డబ్బు పెడితే మనమే బటన్ నొక్కి మన నాణెం కొట్టుకోవచ్చు. చెల్లి నొక్కింది. ధడేల్‌మని శబ్దం. కిందపడ్డ నాణెం ఇంకా వెచ్చగా ఉందేమోనని ఇద్దరం చేతిలోకి తీసుకుని చూశాం.

మనకి ఇదేం కొత్త కాదు నిజానికి. హైదరాబాద్ టంకశాల 1803లో సికందర్ జా కాలంలో సుల్తాన్ షాహీలో మొదలైంది. 1903లో సైఫాబాద్‌కి, 1997లో చర్లపల్లికి మారింది. మన జేబులో ఉండే రూపాయి మీద సంవత్సరం కింద చుక్క కాకుండా నక్షత్రం ఉంటే అది మన ఊరిదే. ఇప్పుడు తీసి చూడండి, ఫోన్‌పే వచ్చాక చిల్లర జేబులో ఉంటే. సైఫాబాద్ పాత టంకశాలని 2022లో మ్యూజియం చేశారు. మీర్‌పేట్ నుంచి వేల్స్ దాకా వెళ్లినదాన్ని, సైఫాబాద్ మాత్రం తర్వాతే వెళ్లాను. సిగ్గుపడుతూనే చెప్తున్నాను.

ఈ నాణేల పిచ్చి నాన్న దగ్గర్నుంచి వచ్చింది. ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యాడు. ముప్ఫై ఏళ్లు చంకలో తోలుసంచీ, సంచీ నిండా చిల్లర. రాత్రి ఇంటికొచ్చాక లెక్క చూసుకుంటూ వింత నాణెం కనిపిస్తే తన జేబులోంచి అంత డబ్బు సంచీలో వేసి, దాన్ని తీసి దాచుకునేవాడు. ఆయనకి ఇష్టమైన కథ జహంగీర్ మొహరు. 1613లో ఆగ్రాలో ముద్రించిన వెయ్యి తులాల బంగారు నాణెం, దాదాపు 12 కిలోలు. నిజాం వారసుడి దగ్గర ఉందని చెప్పే ఆ నాణేన్ని 1987లో జెనీవాలో వేలానికి పెట్టారు. అమ్ముడుపోలేదు. తర్వాత దాని ఆచూకీయే లేదు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ నాన్న "మన ఊరి నాణెమే" అని సొంతంగా పోగొట్టుకున్నట్టు నిట్టూరుస్తాడు.

అదే ఏడాది ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం విడుదల చేశారు కదా. చర్లపల్లిలోనే ముద్రించారు. కొన్నవాళ్ల లైన్లు మీరు టీవీలో చూసే ఉంటారు. ఆ లైన్లో మా నాన్న ఉన్నాడు. నాలుగు వేల పైన పెట్టి వంద రూపాయలు కొనుక్కొచ్చాడు. అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. "వంద రూపాయలకి నాలుగు వేలు ఇచ్చేటోణ్ని కండక్టర్‌గ ఎట్ల పెట్టుకున్నరో" అని మాత్రం గోడతో అంది. ఆ నాణెం బరువు 35 గ్రాములు, సగం వెండి. అంటే పదిహేడున్నర గ్రాములు. అప్పటి ధరకి వెండి విలువ పదమూడు వందలు కూడా లేదు. మిగతా డబ్బు దేనికని అడిగితే నాన్న "రామారావుకి" అన్నాడు. ఇక మాట్లాడటానికేముంది.

ఈ లెక్క తెలిసి కూడా రాయల్ మింట్ షాపులో నేను చేసింది అదే. పట్టాభిషేకం ఐదు పౌండ్ల వెండి నాణెం, 'ప్రూఫ్' రకం. అంటే అద్దంలా మెరిసేట్టు మెరుగుపెట్టిన అచ్చులతో, ఒకటికి రెండుసార్లు కొట్టి, చేత్తో తాకకుండా డబ్బీలో పెట్టేది. 28.28 గ్రాములు, 925 వెండి. ధర 92 పౌండ్ల చిల్లర, మన డబ్బులో 9,300. అందులో ఉన్న అసలు వెండి 26 గ్రాములు. అప్పుడు మన దగ్గర గ్రాము 70 చుట్టూ ఉంది. గుణించి చూసుకోండి. పైగా అక్కడ వెండి మీద 20 శాతం వ్యాట్ ధరలోనే కలిసి ఉంటుంది. పర్యాటకులకి తిరిగిచ్చే పద్ధతి ఒకప్పుడు ఉండేది, బ్రిటన్ దాన్ని 2021 జనవరి నుంచి తీసేసింది. మా ఆఫీసులో ఇప్పటికీ "ఎయిర్‌పోర్ట్‌లో వ్యాట్ వెనక్కి తీసుకో" అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వాళ్ల మాట నమ్మకండి.

సావరిన్ దగ్గరికొచ్చేసరికి చేతులు చెమటపట్టాయి. పట్టాభిషేకం సంవత్సరం సావరిన్. ఒకవైపు కిరీటం పెట్టుకున్న చార్లెస్, రెండోవైపు మన గుర్రం. చెక్కపెట్టెలో పెట్టిన ప్రూఫ్ సావరిన్ ధర చూసి పక్కకి జరిగాం. బులియన్ రకం ఉంది. బంగారం అదే, బరువు అదే, మెరుగు తక్కువ, చిన్న ప్లాస్టిక్ డబ్బీ. 390 పౌండ్లు. దాదాపు 39,400 రూపాయలు. పెట్టుబడి బంగారం కాబట్టి దీనిమీద వ్యాట్ లేదు. అప్పుడు మన దగ్గర ఎనిమిది గ్రాముల 22 క్యారెట్ బంగారం జీఎస్టీతో కలిపి 44 వేల దాకా ఉంది. "అక్కా, నాలుగున్నర వేలు లాభమే" అంది చెల్లి. చదివేది ఫైనాన్స్.

అక్కడ మ్యూజియం గోడ మీద ఎనిమిదో ఎడ్వర్డ్ సావరిన్ కథ చదివాం. 1937 అని తేదీ వేసి అచ్చులు తయారుచేశారు. నాణేలు బయటికి రాకముందే ఆయన ప్రేమించినామె కోసం గద్దె దిగిపోయాడు. ప్రయోగంగా కొట్టిన కొన్నే మిగిలాయి. వాటిలో ఒకటి 2020లో పది లక్షల పౌండ్లకి అమ్ముడుపోయింది. బరువు అదే ఎనిమిది గ్రాములు. అది చదివాక నా బుర్రలో ఏదో మోగింది. ఏమో, మనదీ యాభై ఏళ్లకి... మీరు నవ్వుకోవచ్చు. ఆ షాపుల్లో నాణేలు అమ్ముడుపోయేది ఆ 'ఏమో' వల్లే. ఎడ్వర్డ్‌వి అరడజను నాణేలైతే, నేను కొన్నవి వేలకివేలు కొట్టినవి.

ఆ రాత్రి ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టగానే సలహాలు మొదలయ్యాయి. బాబాయ్: "గొలుసుకి లాకెట్‌లాగ తగిలించుకో, నగ అనుకుంటరు, ఎవ్వడడగడు." డల్లాస్‌లో ఉండే బావ: "నేను ఔన్స్ ఈగిల్ కాయిన్ జీన్స్ జేబులో చిల్లరతో కలిపి తెచ్చా." పిన్ని: రెండు చేతులెత్తి దండం పెట్టే బొమ్మ.

నేను రూల్స్ చదివాను. కంగారు మనిషిని కదా. అప్పటికి అమల్లో ఉన్నవి 2016 బ్యాగేజ్ రూల్స్. విదేశాల నుంచి వచ్చే మన ప్రయాణికుడికి 50 వేల విలువ దాకా వస్తువులు సుంకం లేకుండా తెచ్చుకునే వీలుండేది. అందులోంచి మినహాయించిన వస్తువుల జాబితా ఒకటి ఉండేది. తుపాకులు, సిగరెట్లు, టీవీల పక్కనే ఇంకో లైను: నగలు కాని ఏ రూపంలో ఉన్న బంగారమైనా, వెండైనా. అంటే నాణెం, బిస్కెట్ ఎంత చిన్నదైనా ఆ 50 వేల లోపలికి వచ్చేది కాదు. నగలకి వేరే సడలింపు ఉండేది, ఆడవాళ్లకి 40 గ్రాములు, మగవాళ్లకి 20. కానీ అది ఏడాదికి పైగా విదేశాల్లో ఉన్నవాళ్లకే. మూడు వారాలున్న నాకు లాకెట్ చేసినా లాభం లేదు. పైగా కొక్కెం అతికించిన నాణేన్ని సేకరించేవాళ్లు కొనరు, అతుకు పెట్టిన చోట దెబ్బతింటుంది కాబట్టి. ఆరు నెలలు కూడా విదేశంలో లేనివాళ్లకి సుంకం అప్పట్లో 38.5 శాతం. బాబాయ్‌కి ఇదంతా టైప్ చేసి పంపితే "నీకు భయమెక్కువ" అన్నాడు. నిజమే. ఆ భయంతోనే నిద్రపోలేదు. ఇంకోటి కూడా ఉంది. నాయనమ్మ దేవుడి దగ్గర పెట్టే వస్తువుని బాత్రూమ్‌లో జీన్స్ జేబులోకి మార్చుకుంటూ రావడం ఊహించుకుంటే ఎలాగో అనిపించింది.

శంషాబాద్‌లో తెల్లవారుజామున దిగి ఎర్ర బోర్డు వైపు నడిచాను. నా వెనకున్న జనమంతా పచ్చబోర్డు వైపు వెళ్తూ నన్ను జాలిగా చూశారు. లోపలున్న ఆఫీసర్ డబ్బీ తెరిచి, బిల్లు చూసి, మళ్లీ డబ్బీ చూసి "ఇంతేనా?" అన్నాడు. ఇంతేనన్నాను. "ఎవరికి?" నాయనమ్మకని చెప్పాను. కాసేపు ఏదో టైప్ చేశాడు. రెండింటికీ కలిపి 18 వేల ఏడువందల పైచిలుకు. కార్డు గీకుతుంటే చెల్లి చెప్పిన నాలుగున్నర వేల లాభం గుర్తొచ్చింది. రసీదు ఇస్తూ ఆయన "జాగ్రత్తగా పెట్టుకోండమ్మా ఇది, రేపు అమ్మాలన్నా ఇదే కావాలి" అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం ఆ డబ్బుకి తగ్గదే.

లెక్క తేలింది. కాసు నాకు 54 వేలు పడింది, దిల్‌సుఖ్‌నగర్‌లో 44 వేలకి దొరికే బంగారం. వెండి నాణెం దాదాపు 13 వేలు. వారం తర్వాత ఆఫీసులో ఇంకో దెబ్బ. ఒక కొలీగ్ డబ్బీ చూసి "ఇది ఇండియాలోనే చేస్తారుగా" అన్నాడు. నిజమే. ఎంఎంటీసీ-పాంప్ అనే సంస్థ రాయల్ మింట్ అనుమతితో 2013 నుంచి ఇదే సావరిన్‌ని హర్యానాలో ముద్రిస్తోంది. 1918 బొంబాయి కాసుల్లాగే దాని మీదా 'ఐ' అక్షరం ఉంటుంది. గుర్రం మన దేశంలోనే ఉండగా నేను వేల్స్ వెళ్లి తెచ్చాను.

ఇంటికొచ్చిన రోజుకి బతుకమ్మ ఇంకా రెండు రోజులుంది. నాయనమ్మ మంచమ్మీద కూర్చుని డబ్బీని ఎటు తెరవాలో తెలియక తిప్పుతోంది. తీసి అరచేతిలో పెట్టాను. చూపు సరిగ్గా ఆనదు. బొటనవేలితో తడిమింది. గుర్రం తగలగానే వేలు ఆగింది.

"అరగలేదే ఇది."

"కొత్తది నాయనమ్మా."

"ఈ రాజెవరు?"

"చార్లెస్. మీ కాసు మీద ఉన్న జార్జికి మునిమనవడు."

"కిరీటం పెట్టుకున్నాడు. మా ఆయనకి లేదు." కాసేపటికి, "కొక్కెమేది?" అంది.

కొక్కెం వెయ్యకూడదని, వేస్తే నాణెం విలువ పోతుందని, ఈ డబ్బీలోనే ఉంచాలని చెప్పాను. ఆమె విన్నది. ఏమీ అనలేదు. డబ్బీని దిండు కింద పెట్టుకుంది. నాన్న తన వెండి నాణేన్ని ఎన్టీఆర్ నాణెం పక్కన షోకేసులో పెట్టి, రాజులిద్దరికీ దీపం పెట్టినట్టు లైటు బిగించాడు.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది.

2024 ఫిబ్రవరిలో నాయనమ్మ బాత్రూమ్‌లో జారిపడింది. తుంటి ఎముక. ఆపరేషన్‌కి మర్నాటికల్లా లక్షన్నర కావాలి. నాన్న చిట్టీ పాడుకున్న డబ్బు, నా జీతం కలిపినా ఇంకా తక్కువే. నాయనమ్మే చెప్పింది, "దిండు కింద కాసుంది, తీసుకుపో." మంచమ్మీద కదల్లేక, దారి చూపించినట్టు కళ్లతోనే దిండువైపు చూసింది. పంతొమ్మిదో కాసు.

అమ్మకుండా తాకట్టు పెడదామని బ్యాంకుకి వెళ్లాం, నేనూ అమ్మా. కౌంటర్లో ఆయన డబ్బీ చూసి తలూపాడు. ఆనాటి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం బ్యాంకులు తాము అమ్మిన ప్రత్యేక నాణేల మీదే, అదీ 50 గ్రాముల దాకానే అప్పు ఇవ్వాలి. బయటి నాణెం, అందులోనూ విదేశీ నాణెం కుదరదు. గోల్డ్ లోన్ కంపెనీలకైతే అప్పట్లో నగలు తప్ప నాణేలు తీసుకునే వీలే ఉండేది కాదు. నేను కస్టమ్స్ రసీదు, రాయల్ మింట్ బిల్లు బల్లమీద పరిచాను. ఆయన ఓపిగ్గా చదివి, "అన్నీ కరెక్టే మేడం, వస్తువే కుదరదు" అన్నాడు.

అక్కడ్నుంచి బంగారం కొనే షాపుకి. మెయిన్ రోడ్డుమీద బోర్డులన్నీ అవే కదా. మిషన్లో పెట్టారు, 91.6 చూపించింది. "బాగుంది మేడం, కానీ మాకు కాయినైనా, విరిగిన గాజైనా ఒకటే. కరిగిస్తాం, తరుగు తీస్తాం." పోనీ వెండి నాణెం ధర చెప్పమని ఫోన్లో ఫొటో చూపించాను. బరువు అడిగాడు. "పదహారు, పదిహేడు వందలు." పదమూడు వేలు పెట్టినదాన్ని నేను, పలకలేదు. రాజు, పట్టాభిషేకం, ప్రూఫ్, రెండుసార్లు కొట్టిన అచ్చు, ఏదీ ఆ త్రాసులోకి ఎక్కలేదు. లండన్‌లోనో సింగపూర్‌లోనో నాణేల డీలర్లున్న చోటైతే కాస్త ఎక్కువ వచ్చేదేమో. మర్నాడు పొద్దున ఆపరేషన్ పెట్టుకుని లండన్ డీలర్‌కి మెయిల్ రాస్తామా?

మూస వేడెక్కుతూనే ఉంది. ఆ షాపువాడి చేతిలో గుర్రం. సరేనందామని నోరు తెరిచాను. అమ్మ నా కంటే ముందు చెయ్యి చాపి కాసు వెనక్కి తీసుకుంది.

"ఇగ సాలు. పద్దెనిమిది కరిగినయ్. ఇదన్న ఉండనీ."

మళ్లీ బ్యాంకుకే వెళ్లాం. అమ్మ మెడలోని మూడు తులాల గొలుసు తీసి బల్లమీద పెట్టింది. అప్రైజర్ రాయికి గీసి చూశాడు, తూచాడు, సంతకాలు పెట్టించుకున్నాడు. అరగంటలో డబ్బు అకౌంట్లో పడింది. పెళ్లప్పటి గొలుసు. బిల్లు లేదు, డబ్బీ లేదు, ఏ రాజూ లేడు. దాన్ని వద్దనడానికి వాళ్లకి కారణమే దొరకలేదు.

మీలో ఎంతమందికో బయటి దేశాల ప్రయాణాలు ఉంటాయి. సింగపూర్‌లోనో పెర్త్‌లోనో మెరిసే డబ్బీ ముందు నిలబడతారు. కొనొద్దని నేను అనను, నేనే మళ్లీ కొంటానేమో. కాకపోతే ధరలో లోహమెంత, ముచ్చటెంత అని అక్కడే ఫోన్లో గుణించుకోండి. ఆ ముచ్చట డబ్బు మళ్లీ చూడమనే అనుకోండి. బిల్లు పారేయకండి. ఎర్ర బోర్డు వైపే నడవండి. నేను చెప్పిన శాతాలు 2023 నాటివి. 2024 జూలై బడ్జెట్లోనే బంగారం దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి దించేశారు, ఇవి ఇలా మారుతూనే ఉంటాయి. టికెట్ బుక్ చేసిన రోజే కస్టమ్స్ సైట్ ఒకసారి చూడండి. గ్రూపులో బాబాయ్‌ని అడక్కండి.

నాయనమ్మ మూడు నెలలకి వాకర్ పట్టుకుని నడిచింది. నడవగలిగిన మొదటి వారమే నన్ను పిలిచి, కొత్తపేటలో తనకి తెలిసిన కంసాలి దగ్గరికి తీసుకుపొమ్మంది. ఎందుకో నాకు అర్థమైంది. ఆటోలో వెళ్తూ మళ్లీ చెప్పాను. అతుకు పెడితే ఇది ఇక నాణెం కాదని, ఎవరూ నాణెంగా కొనరని.

"కొనకపోతేనే మంచిది" అంది.

కంసాలి పెద్దాయన అద్దం పెట్టి గుర్రాన్ని చాలాసేపు చూశాడు. ఇలాంటివి తన తండ్రి దగ్గర చూశానన్నాడు. ముఖానికి వేడి తగలకుండా అంచున, రాజు కిరీటం పైన, సన్నగా కొక్కెం అతికించాడు. నాలుగు వందలు తీసుకున్నాడు. చేతికిస్తూ నావైపు చూసి "ఇప్పుడిది నగమ్మా, ఎక్కడైనా తీసుకుంటారు" అన్నాడు.

నాయనమ్మ అక్కడే స్టూలు మీద కూర్చుని, చీరకొంగు ముడిలోంచి పసుపుతాడు తీసింది. ఇంటి దగ్గరే పసుపు రాసి తెచ్చుకుంది. సూదిలో దారంలాగ కొక్కెంలోకి ఎక్కించడానికి రెండుసార్లు ప్రయత్నించి, కుదరక, నాకిచ్చింది. ఎక్కించి మెడ వెనక ముడేశాను. గుర్రం లోపలివైపుకి తిరిగింది. బయటికి తిప్పమంది.